పిచ్చుక సుత్తి

అందరూ పిచ్చుక కంటివైపు చూస్తుంటే, సూపర్‌వైజరు మాత్రం ఆమె చేతిలోంచి జారిపడ్డ సుత్తిని తీసి తిప్పి తిప్పి చూశాడు.

పిచ్చుక అంటే క్వారీలో కంకర కొట్టే పిల్ల. మనిషి పిడికెడంత, నోరు మాత్రం మూతపడదు, అందుకే ఆ పేరు. ఆ రోజు కూడా పొద్దుటినుంచీ ఏదో ఒకటి వాగుతూనే ఉంది. ఆ వాగుడు మధ్యలో తెగిపోయింది. సుత్తి మొహం మీంచి పెంకు ఒకటి లేచి ఎడమ కంట్లో దిగింది. రాతి పెంకైతే కంకర కొట్టేవాళ్లకి కొత్తేమీ కాదు, కన్నీళ్లతో కడిగేసుకుంటారు. ఇది ఇనప పెంకు.

పక్కనే కూర్చుని కొడుతున్న వదిన తన తలగుడ్డ విప్పి ఆ కంటికి అదిమిపెట్టింది. చూస్తుండగానే గుడ్డ తడిసిపోయింది.

"కొత్త సుత్తి. మొహం పెచ్చులూడగొట్టేసింది" అన్నాడు సూపర్‌వైజరు.

"పిల్ల కన్ను పోయిందయ్యా!" అంది వదిన.

"కన్ను సంగతి ఆస్పత్రివాళ్లు చూసుకుంటారు. సుత్తి సంగతి పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను? ఎలా పడితే అలా కొడితే విరగదా మరి?"

సుత్తితో రాళ్లు కాక ఇంకేం కొట్టాలో ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఎవరూ అడగలేదు. అడగని నోళ్లని చూసుకునే వాళ్లకి అంత ధీమా.

పిల్లని భుజాన వేసుకుని రోడ్డుదాకా మోశారు. ప్రాణం దక్కింది. కన్ను దక్కలేదు.

ఆ సుత్తులు కంపెనీవి. పెట్టెల్లో గడ్డి పరిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తెచ్చారు. తలకి ఎర్ర రంగు, ఇనప గొట్టం పిడి, దానిమీద రబ్బరు తొడుగు. అన్నీ ఒకే అచ్చు. ఆ వేళ కంట్రాక్టరు గేటు దగ్గర నిలబడి చెప్పాడు: ఇకనుంచి ఇవే వాడాలి, సొంత సామాను లోపలికి తేకూడదు, సాయంత్రం వెళ్లేటప్పుడు ఇవి గేటు దగ్గర అప్పజెప్పి వెళ్లాలి. అంతకుముందు ఎవరి సుత్తి వాళ్లదే. ఎవరి ఉలి వాళ్లదే. అన్నీ పేటలో కమ్మరి చేసినవే.

ఆ కమ్మరి భార్యే వదిన. పేటంతా ఆయన్ని కమ్మరన్న అంటారు కాబట్టి ఈమె అందరికీ వదిన అయింది. సొంత పేరు ఎవరికీ గుర్తులేదు. ఆమెకే ఒక్కోసారి గుర్తుండదు.

వదినకి భయం ఎక్కువ. తలుపు గాలికి కొట్టుకున్నా గుండె జారుతుంది. ఆమె జీవితంలో మనుషులు వెళ్లడమే గాని తిరిగిరావడం లేదు. తండ్రి ఎక్కడో సొరంగం తవ్వే పనికి వెళ్లాడు. అన్న లారీ వెనకాల ఎక్కి వెళ్లాడు. ఆ లారీ కదిలినప్పుడు ఆమె గిన్నెలు తోముతూ, ఈ ఒక్క గిన్నె అయ్యాక లేద్దాంలే అనుకుంది. లేచేసరికి దుమ్మే మిగిలింది. అప్పటినుంచీ మొగుడు వీధి చివరికి వెళ్లినా సరే, గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూస్తుంది. "నేను ఉప్పు తేవడానికి వెళ్తున్నానే, యుద్ధానికి కాదు" అని నవ్వుతాడాయన. "నీకేం తెలుసు" అంటుందామె.

పిచ్చుక ఆస్పత్రినుంచి కంటికి కట్టుతో తిరిగొచ్చాక, సెలవు పూట అందరూ కొలిమి పాకలో చేరారు. పొడుగాయన ముందు కూర్చున్నాడు. రాయి పగలేయడంలో పెద్దచెయ్యి, కూలీల సంఘం మాట చెప్పేదీ ఆయనే.

"కంట్రాక్టరు మన సుత్తులు ఎందుకు వద్దన్నాడో ఎవరైనా ఆలోచించారా?" అన్నాడు.

"మన సుత్తులు ముసలివయిపోయాయని" అంది గయ్యాళి. నోటి దురుసువల్ల పేటంతా ఆ ముసలామెకి పెట్టిన బిరుదు అది. పిలిస్తే పలుకుతుంది కూడా.

"నవ్వులాట కాదత్తా. ముందైతే మనకీ వాడికీ తేడా వస్తే ఏం చేసేవాళ్లం? సుత్తి భుజాన వేసుకుని కొండ అవతలి క్వారీకి పోయేవాళ్లం. వాడే వెనకాల వచ్చి బతిమాలేవాడు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి పనిముట్టు లోపల, మనిషి బయట. వట్టి చేతులతో ఎక్కడికి పోతాం? వాడు లాక్కున్నది సుత్తి కాదు, మన కాళ్లు."

"కన్ను కూడా" అంది పిచ్చుక. చాలా రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"అయితే మళ్లీ మన సామాను మనం చేసుకుందాం" అన్నాడు ఎవరో.

"గేటు దగ్గర పారేస్తాడు."

"ఒకడు తీసుకెళ్తే పారేస్తాడు. అందరం ఒకేసారి తీసుకెళ్తే?"

"అందర్నీ పారేస్తాడు."

ఇలా ఒకళ్లమీద ఒకళ్లు అరుచుకున్నారు. చివరికి అందరి తలలూ కమ్మరివైపు తిరిగాయి. ఆయన మాటల మనిషి కాదు. గోడవార పాత లారీ ఇరుసు ముక్కల్ని కాలితో కదిపి చూశాడు. "ఇనుముంది. బొగ్గు తెచ్చుకోండి. కర్రలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి" అన్నాడు.

జనం వెళ్లిపోయాక వదిన అడిగింది. "నీకెందుకయ్యా? అందరూ సరదాగా అరుస్తారు. రేపు పట్టుకునేది నిన్ను."

"మరి ఎవరు చెయ్యాలే?"

"ఎవరో ఒకరు."

"ఆ ఎవరో ఒకరు నేనేగా. పేటలో ఇంకో కమ్మరి లేడు."

ఆమె లేచి కొలిమి తిత్తి దులిపింది.

కొలిమి మళ్లీ రాజుకుంది. ఇరుసు ముక్కలు సుత్తి తలలయ్యాయి. లారీ కమాను పట్టీలు ఉలులయ్యాయి. తలలు చేయడం ఒక ఎత్తు, పిడి పట్టించడం ఒక ఎత్తు. ఆ క్వారీ మనుషుల పద్ధతే వేరు. సుత్తి ఎవరిదో వాళ్లు కొలిమి దగ్గరికి రావాలి. అరచేతికి మసి పూసుకుని చెక్కని పిడిని గట్టిగా పట్టుకోవాలి. వదిలాక కర్రమీద మసి అంటినచోటల్లా ఆ చేతి ఎముకలు ఆనినట్టు లెక్క. అక్కడ గాజుపెంకుతో గీకి పల్లం చెయ్యాలి. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. చెయ్యి పిడిలో ఇమిడేదాకా అదే పని. ఆ గీకుడంతా వదినదే. ఎవరి వేలు వంకరో, ఎవరి బొటనవేలు మొద్దుబారిందో, ఎవరికి పిడికిలి పూర్తిగా ముడుచుకోదో, మొహాలకంటే ఆమెకి ఇవే బాగా తెలుసు. ఇంత పని చేశాక ఒకరి సుత్తి ఇంకొకరికి పట్టదు. పట్టినా, కొట్టగానే చెయ్యి లాగుతుంది.

పిచ్చుక వచ్చింది. "నాకెందుకులే వదినా. రాయి ఇక్కడుందనుకుని కొడితే అక్కడుంటోంది. నిన్న బొటనవేలు చితక్కొట్టుకున్నా. ఒంటికన్ను దాన్ని, పొయ్యి దగ్గర కూర్చోబెట్టండి."

"పొయ్యి దగ్గర కూర్చుని ఏం వాగుతావు? వినేవాళ్లుండరు" అన్నాడు కమ్మరి. ఆమె పిడి మాత్రం ఆయనే పట్టుకున్నాడు. ఇంకెవరికీ చెయ్యని పనొకటి చేశాడు. చూపుడువేలు ఆనేచోట సన్నటి గాడి తీశాడు, సుత్తి మొహానికి సరిగ్గా నేరుగా. "సుత్తి ఎటు తిరిగుందో చూసుకోనక్కర్లేదు. వేలే చెబుతుంది. కన్ను రాయిమీదే ఉంచు."

పిచ్చుక కొట్టింది. రాయి రెండయింది. ఆ పిల్ల నవ్విన నవ్వుకి గయ్యాళి కూడా కళ్లు తుడుచుకుని, తప్పు పొగ మీదికి నెట్టేసింది.

అందరి పనిముట్లూ తయారయ్యాక ఒక పొద్దున పేటంతా కలిసి గేటు దగ్గరికి నడిచింది. ఎవరి సుత్తి వాళ్ల భుజాన. మగవాళ్ల సమ్మెటలు, ఆడవాళ్ల చిన్న సుత్తులు. గేటు వెనక వాచ్‌మన్‌లు, కర్రలు. ముందు సూపర్‌వైజరు.

"ఆ ఇనప సామాను బయటపెట్టి రండి."

"ఇది మా సామాను" అన్నాడు పొడుగాయన.

"సొంత సామాను లోపలికి రాకూడదు."

"నా నోట్లో ఉన్న పళ్లు కూడా సొంతవే బాబూ" అంది గయ్యాళి. "అవీ పీకి బయటపెట్టి రమ్మంటావా? లోపల కంపెనీ పళ్లిస్తారా?"

జనం ఘొల్లుమన్నారు. నవ్వు సూపర్‌వైజరుకి తగిలినట్టు రాయి కూడా తగలదు. "మూసెయ్యండి గేటు!" అని అరిచాడు. ఇనప తలుపు గిర్రున తిరిగింది. పొడుగాయన చెయ్యి మధ్యలో పడింది. ఆయన కేక పెట్టాడు. వాచ్‌మన్‌లు అయినా నెడుతూనే ఉన్నారు. గొలుసు బిగిస్తున్నారు.

పిచ్చుక జనం కాళ్ల మధ్యనుంచి దూరి ముందుకొచ్చింది. గొలుసుని చూసింది. సుత్తి ఎత్తి బలమంతా పెట్టి కొట్టింది. వేలు సుత్తిని సరిగ్గానే తిప్పింది. దూరం మాత్రం వేలికి తెలియదు. దెబ్బ గొలుసుకి జానెడు ఇవతల, గొలుసు పట్టుకున్న వాచ్‌మన్ మణికట్టుమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. సుత్తి ఆమె చేతిలోంచి జారి గేటు లోపల పడింది. గేటు తెరుచుకుంది, పొడుగాయన చెయ్యి బయటికొచ్చింది, మళ్లీ గేటు మూసుకుంది. ఆ తోపులాటలో కొట్టింది ఎవరో లోపలివాళ్లెవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి పోలీసులు పేటలో దిగారు. ఇల్లిల్లూ వెతికారు. సుత్తులు, ఉలులు, సమ్మెటలు, కూరలు తరిగే కత్తులు, కమ్మరి చేతిమీద తయారైన ప్రతి ఇనప ముక్కా ఎత్తుకెళ్లారు.

"గరిటె ఏం ఆయుధమయ్యా?" అని అడిగింది గయ్యాళి.

"తలమీద పడితే తెలుస్తుంది" అన్నాడు పోలీసు.

"అన్నం వడ్డించేటప్పుడు ఎన్నడూ పడలేదు నాయనా, మీ చేతిలో పడ్డాకే భయమేస్తోంది."

ఇనుము పెట్టి కొట్టే దాగలిని ఎత్తలేక వదిలేశారు. కమ్మరిని ఎత్తగలిగారు.

వదిన వీధి మలుపుదాకా జీపు వెనక పరిగెత్తింది. ఈసారి చూసింది. చూస్తే ఏదో ఆగుతుందనుకునేది ఇన్నాళ్లూ. ఏమీ ఆగలేదు.

సాయంత్రం అన్నం మూట కట్టుకుని స్టేషన్‌కి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు ఆమెని కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. బల్లమీద పిచ్చుక సుత్తి ఉంది.

"చూడమ్మా. ఆ దెబ్బ తిన్న వాచ్‌మన్ కూడా ఒకప్పుడు రాళ్లు కొట్టినవాడే. వాడు చెప్పాడు. మీ సుత్తులు మనిషి మనిషికీ వేరట గదా. ఒకరిది ఒకరికి పట్టదట. చిన్న చెయ్యి. వేలికింద ఈ గాడేమిటో నాకు తెలీదు, నీకు తెలుసు. ఈ చెయ్యి ఎవరిదో ఒక్క మాట చెప్పు. మీ ఆయన్ని ఇప్పుడే నీతో పంపించేస్తా."

వదిన ఆ గాడినే చూస్తూ ఉండిపోయింది. ఎంత ముచ్చటగా తీశాడు! మనిషికి మనిషి చేసిన మంచి, అది కూడా పట్టించేదవుతుందని ఎవరికి తోస్తుంది? పేటలో ఒక్కరికీ తోచలేదు. కంపెనీ సుత్తయితే ఏ చేతిదో ఎవడికీ తెలిసేది కాదు.

"నాకు తెలీదు బాబూ."

"రేపు మీ అందర్నీ గేటు ముందు వరసలో నిలబెడతా. ఒక్కొక్కళ్ల చేతిలో ఇది పెడతా. ఎలాగూ దొరుకుతుంది. ఈలోగా నువ్వే చెబితే నీ మొగుడు నీకు దక్కుతాడు. లేకపోతే ఆయుధాలు తయారుచేశాడని కేసు. ఏ ఊరి జైలుకి పంపుతారో నాకే తెలీదు."

ఏ ఊరో తెలీదు. ఆ మాట ఆమెలో ములుకులా దిగింది. అన్నం మూట లోపలికి ఇవ్వనివ్వలేదు. అదే మూటతో తిరిగొచ్చింది. దారి పొడుగునా పిచ్చుక పేరు నాలుకమీదే ఉంది. ఉమ్మేస్తే పోతుంది. ఉమ్మేస్తే ఆయన వస్తాడు.

పాకలో జనం అప్పటికే గొడవపడుతున్నారు.

"నేనే పోయి చెప్పేస్తా" అంటోంది పిచ్చుక. "నా వల్ల అన్న స్టేషన్లో ఎందుకు కూర్చోవాలి?"

పొడుగాయన చేతికి బద్దలు కట్టి ఉన్నాయి. "నువ్వు చెబితే కొట్టింది నువ్వవుతావు, చేసిచ్చింది ఆయనవుతాడు. ఇద్దర్నీ ఉంచుకుంటారు. వాళ్ల మాట నమ్ముతావా?"

"నిజంగా వదిలేస్తారేమో?" అన్నారు ఇంకెవరో, మెల్లగా. ఆ మాటన్నది ఎవరో చూడ్డానికి వదిన తల తిప్పలేదు. అది తన మనసే అన్నట్టుంది.

"వదినా, నువ్వేమంటావు?"

"నన్ను అడక్కండి" అంది. "మీకు దణ్ణం పెడతా. నన్ను అడక్కండి."

పొద్దున గేటు ముందు వరస కట్టించారు. పక్కన పోలీసు వ్యాను. కిటికీ కమ్మీల వెనక కమ్మరి మొహం. కింది పెదవి వాచి ఉంది. ఇన్‌స్పెక్టరు సుత్తిని ఒక పోలీసు చేతికిచ్చి వరస మొదలుపెట్టమన్నాడు.

ముందు పొడుగాయన. ఆయన బాగున్న చేతిని పిడికిలి బిగించి ముందుకు చాచాడు.

"చెయ్యి తెరువు."

"తెరుచుకోవడం లేదండీ. మీ గేటులో పడిన చెయ్యి చూసి ఇది కూడా భయపడి ముడుచుకుంది."

లాఠీ మోకాలి వెనక పడింది. ఆయన కూలబడ్డాడు. పిడికిలి అలాగే ఉంది.

తర్వాత గయ్యాళి. ఆమె పిడికిలి కూడా బిగిసి ఉంది. "నాదీ అంతే నాయనా. వాతం."

"అందరికీ వాతమేనా?"

"నీళ్లు అలాంటివి."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాతి మనిషి పిడికిలి. ఆ తర్వాతి మనిషిది. ఎవరూ ముందుగా అనుకున్నది కాదది. పొడుగాయన చూపించాడు, వరస అందుకుంది. ఇద్దరు పోలీసులు ఒక్కో చేతిని పట్టుకుని వేళ్లు విడదీశారు. రాళ్లు కొట్టిన వేళ్లు అవి, ఒకటి లేపితే ఇంకొకటి ముడుచుకుంది. వేళ్లమీద లాఠీలు పడ్డాయి. రక్తం వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. వేళ్లు మాత్రం విచ్చుకోలేదు.

వదిన వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు.

"నీ చెయ్యి వద్దులేమ్మా. నోరు చాలు."

ఆమె వ్యానువైపు చూసింది. కళ్లతో అడిగింది, చెప్పనా అని. కమ్మరి ఆమెని చూశాడు. తర్వాత మొహం అటు తిప్పేసుకున్నాడు. అది వద్దని చెప్పడమో, తట్టుకోలేకపోవడమో ఆమెకి తెలియలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మొహం అర్థం కానిది ఆ ఒక్క క్షణమే. పిచ్చుక పేరు ఆమె చెప్పలేదు. ధైర్యం వల్ల కాదు, మాట రాలేదు, అంతే.

"సరే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చేతులు మీ దగ్గరే ఉంచుకోండి. చేసినవాడు మా దగ్గరున్నాడు. పోనివ్వండి వ్యాను!"

ఇంజను మొదలైంది. అప్పుడు వదిన వెనకాలనుంచి పిచ్చుక దూసుకొచ్చింది. ఆ ఒంటి కన్ను వ్యానుమీదే ఉంది. నోరు తెరిచింది. "అయ్యా, ఆ సుత్తి..."

రాత్రంతా వదిన దేవులాడిన మాట అదే. ఎవరో ఒకరు అంటే బాగుండునని, తను కాకుండా ఎవరో ఒకరు అంటే చాలునని. ఇప్పుడు దానంతట అదే వస్తోంది. ఆమె చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే.

వదిన రెండు చేతులతో పిచ్చుకని లాగి మొహాన్ని తన గుండెకేసి అదిమేసింది. పిల్ల గింజుకుంది. అరవబోయింది. వదిన అరచెయ్యి ఆ నోటిమీద బిగిసింది. పిచ్చుక కొరికింది. అయినా వదిన వదిలిపెట్టలేదు.

"ఏమంటోంది ఆ పిల్ల?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా అన్న అంటోంది" అంది గయ్యాళి, ఇద్దరికీ అడ్డంగా నిలబడి. "మా అన్నని తీసుకుపోతున్నారని ఏడుస్తోంది. ఏడవడానికి కూడా మీ అనుమతి కావాలా?"

వ్యాను వెళ్లిపోయింది. ఏ వైపు తిరిగిందో వదిన చూడలేదు. ఆమె తల పిచ్చుక జుట్టులో ఉంది. చప్పుడు సన్నబడి, సన్నబడి, లేకుండా పోయింది.

తర్వాత కంపెనీ పెట్టెలు గేటు ముందు తెరిచారు. ఎర్ర తలల సుత్తులు వరసగా పేర్చారు. రండి, తీసుకోండి అన్నారు. ఒక్కరూ వెళ్లలేదు. అసలు వెళ్లి తీసుకున్నా పట్టుకునే చేతులు లేవు, అందరి వేళ్లూ వాచి ఉన్నాయి. క్వారీలో ఆ పూట ఒక్క రాయి పగల్లేదు.

వదిన కొలిమి పాకలో ఒక్కతీ కూర్చుంది. ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో తెలీదు. అన్నం తింటున్నాడో లేదో తెలీదు. ఎవర్ని అడగాలో, అడిగితే చెబుతారో లేదో తెలీదు. తన అరచేతిమీద పంటి గాట్లని చూసుకుంటూ కూర్చుంది.

ఒక్కొక్కరే వచ్చారు. గయ్యాళి ఇరుసు ముక్క ఒకటి కొంగున కట్టుకుని వచ్చింది, పోలీసుల కళ్లు పడకుండా నీళ్లకుండలో దాచిందట. పిచ్చుక గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నిప్పు రాజెయ్యి వదినా" అంది గయ్యాళి.

"నాకు రాదత్తా. పిడులు గీకడమే వచ్చు."

"మాకు మాత్రం వచ్చా?"

"ఇనుము ఏ రంగుకొచ్చాక నీళ్లలో ముంచాలో ఆయనకే తెలుసు. నేనెప్పుడూ చూళ్లేదు. తల దించుకుని గీకుతూనే కూర్చున్నా."

"చూస్తే తెలుస్తుందిలే. ముందు అంటించు."

అంటించారు. పోలీసులకి కనపడక బొగ్గుల్లో మిగిలిన పట్టకారుని పొడుగాయన పట్టుకున్నాడు, ఒక్క చేత్తో. సుత్తి లేదు కాబట్టి గట్టి రాయి తీసుకుని, వాచిన వేళ్లతో వంతులవారీగా కొట్టారు. ఎన్ని దెబ్బలకో గాని ముక్క సుత్తి తలలాంటి రూపానికొచ్చింది. మళ్లీ కాల్చి నీళ్లలో పెట్టగానే టిక్కుమని చప్పుడైంది. రెండు ముక్కలైంది.

వదిన గోడవార వెతికి, ఇంకో ఇనప ముక్క తెచ్చి నిప్పులో పెట్టింది. పిచ్చుక గుమ్మం వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఉన్న కన్ను నిప్పుమీదే నిలిపింది.

"ఇందాకటికంటే కాస్త ముందే తీద్దాం వదినా" అంది.

పేట మలుపులో జీపు చప్పుడు వినిపించింది. ఎవరూ లేవలేదు. వదిన తిత్తి ఊదింది.